తలుపు కొట్టి చూసే కెర్నెల్

రైస్ మిల్లు ముందు లారీలు తూచే వే బ్రిడ్జి గదిలోకి తొంగి చూడండి. తూకం అంకె కంప్యూటర్‌కు చేరేది ఇప్పటికీ చాలాచోట్ల తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు గుండానే. లినక్స్ కెర్నెల్ మార్చిన మర్నాడు తూకం రాకపోతే అందరూ కేబుల్ పీకి మళ్లీ గుచ్చుతారు. కేబుల్ పాపం ఏమీ ఎరగదు.

లినక్స్ మొదటి సీరియల్ పోర్టును టీటీవైఎస్0 అంటుంది. డెవ్ డైరెక్టరీలో ఆ పేరుంటే పోర్టు ఉన్నట్టే అనుకుంటాం. కాదు. ఈ పోర్టులను నడిపే 8250 డ్రైవర్ మామూలుగా నాలుగు పేర్లు ముందే రాసిపెట్టుకుంటుంది. డోర్ నంబర్లు వేశారు సరే, లోపల కాపురం ఉందా? తలుపు కొడితేనే తెలిసేది.

పీసీల్లో మొదటి పోర్టు చిరునామా 3ఎఫ్8, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ నంబరు) 4. అక్కడి ఇంటరప్ట్ రిజిస్టర్‌లో డ్రైవర్ ముందు సున్నా రాసి, తిరిగి చదువుతుంది. తర్వాత కింది నాలుగు బిట్లలో ఒకట్లు రాసి మళ్లీ చదువుతుంది. రాసిందే తిరిగొస్తే లోపల చిప్ ఉన్నట్టు. ఖాళీ చిరునామాలో ఏం రాసినా సాధారణంగా అన్నీ ఒకట్లే వస్తాయి. ఆ తర్వాత చిప్ కులగోత్రాల ఆరా: 16 బైట్ల ఫిఫో (డేటా వరుసగా నిలవుండే చోటు) పనిచేస్తే 16550ఏ, చివరికి స్క్రాచ్ రిజిస్టర్ కూడా లేకపోతే ముసలి 8250.

ఈ పద్ధతి పెద్దగా మారలేదు. మారినవి పేర్లు. 2.4 కెర్నెల్ బూట్ సందేశంలో టీటీవైఎస్00 అని రెండు సున్నాలుండేవి, 2.6లో ఒకటే మిగిలింది. రెండు సున్నాల కోసం వెతికే స్క్రిప్టుకు పోర్టు మాయమైనట్టే.

2012 డిసెంబరులో వచ్చిన 3.7 కథ ఇంకా విచిత్రం. అందులో 8250 మాడ్యూల్ పేరు పొరపాటున 8250_కోర్ అయిపోయింది. ఎనిమిది పోర్టుల కార్డు కోసం బూట్ లైనులో పాత పేరుతో ఇచ్చిన పోర్టుల సంఖ్యను కెర్నెల్ కిమ్మనకుండా పక్కన పెట్టేది. నాలుగు దాటిన పోర్టులు కనబడేవి కావు. తర్వాత పాత పేరే పెట్టారు. ఈలోగా కొత్త పేరుకు అలవాటుపడినవాళ్ల కోసం రెండింటినీ ఒప్పుకునే ఏర్పాటు ఉంచారు. తప్పును ఇంత నిజాయితీగా మోయడం నాకు నచ్చింది.

పోర్టు దొరకకపోతే ముందు సెట్‌సీరియల్ కమాండ్‌ను అడగండి. అది చిప్ రకం 'అన్‌నోన్' అంటే డ్రైవర్‌కు అక్కడేమీ దొరకలేదని. చిరునామా, ఐఆర్‌క్యూ, చిప్ పేరు మూడూ కెర్నెల్ సందేశాలు చూపే డిమెస్గ్‌లో ఒకే వరుసలో ఉంటాయి. కెర్నెల్ మార్చే ముందే ఆ వరుసను కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి.