ఉత్తుత్తి సూది చేసిన మేలు

మందుబిళ్లకు నకిలీ చేయడం తేలిక. అదే రంగు, అదే చేదు ఉంటే చాలు, ఏది అసలో మింగేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. మరి సూదికి? ఒంట్లో దిగిందో లేదో మనిషికి తెలియకుండా ఉంటుందా? ఆక్యుపంక్చర్‌ని పరీక్షించేవాళ్లకు చాలాకాలం ఇదే చిక్కు. 1998లో జర్మనీ పరిశోధకులు స్ట్రైట్‌బెర్గర్, క్లైన్‌హెంజ్ మొద్దు మొన సూదొకటి తయారుచేశారు. చర్మానికి ఆనించి నొక్కితే నాటకాల కత్తిలా పిడిలోకి జారిపోతుంది. చురుక్కుమంటుంది గానీ గుచ్చుకోదు. ఇంకొన్ని ట్రయల్స్‌లో నిజం సూదినే పైపైన, ఆక్యుపంక్చర్ బిందువులు కాని చోట గుచ్చుతారు. గుచ్చే మనిషికి మాత్రం గుట్టు తెలుసు. అది అతని మాటలోనో చేతిలోనో బయటపడకుండా ఆపడం కష్టం.

జర్మనీలోనే జరిగిన ‘జెరాక్’ ట్రయల్‌లో 1,162 మంది నడుం నొప్పి రోగులు పాల్గొన్నారు. సగటున ఎనిమిదేళ్లుగా బాధపడుతున్నవాళ్లు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలలకు చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది అసలు సూది జట్టులో 47.6 శాతం మందికి, ఉత్తుత్తి సూది జట్టులో 44.2 శాతం మందికి. మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం అందుకున్న జట్టులో 27.4 శాతమే.

మామూలు వైద్యాన్ని గెలిచామని సూది పక్షం వాళ్లు సంబరపడొచ్చు. ఎక్కడ గుచ్చినా ఒకటేనని ఎదుటి పక్షం నవ్వొచ్చు. బిందువుల సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బే, సందేహం లేదు. నాకు మాత్రం ఆ మూడో అంకె మీదే అనుమానం. ఏళ్ల తరబడి మాత్రలు వాడి విసిగినవాళ్లు, సూది దొరుకుతుందేమోనని వచ్చి ఉంటారు. చీటీలో మళ్లీ పాత వైద్యమే వచ్చింది, ఆ సంగతి వాళ్లకు దాచలేదు కూడా. ఆ నిరాశ లెక్కలోకి రాకుండా ఉంటుందా? సూది పడ్డవాళ్లకేమో అసలైనా నకిలీ అయినా అరగంట చొప్పున పది విడతల చికిత్స, పక్కన పట్టించుకునే ఒక డాక్టరు.

ఆ పట్టించుకోవడం విలువెంతో హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్చక్ బృందం 2008లో కొలిచింది. పేగుల బాధ (ఐబీఎస్) ఉన్న 262 మందిలో, మూడు వారాలకు, ఊరికే వేచి ఉన్నవారిలో 28 శాతం మంది ఉపశమనం కలిగిందన్నారు. గుచ్చుకోని సూదిని ముక్తసరిగా పెట్టించుకున్నవారిలో 44 శాతం. అదే సూదికి తోడు చికిత్సకుడు ఆప్యాయంగా కూర్చుని మాట్లాడితే 62 శాతం.

దీనికి హద్దు ఉంది. 2011లో ఆస్తమా రోగులపై జరిగిన ట్రయల్‌లో అసలు ఇన్‌హేలర్‌తో ఊపిరి బలం 20 శాతం పెరిగింది. ఉత్తుత్తి సూదితో సుమారు 7 శాతం, అంటే ఏమీ చేయనప్పటిలాగే. ‘ఎలా ఉంది?’ అని అడిగితే మాత్రం ఇన్‌హేలర్ తర్వాత 50 శాతం మెరుగన్నారు, ఉత్తుత్తి సూది తర్వాత 46 శాతం. నడుం నొప్పిలో రోగి చెప్పే మాటే కొలత కాబట్టి ఫర్వాలేదు. ఉబ్బసంలో ఆ మాటను నమ్మి మందు మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

జెరాక్ అంకెలు చూశాక, పాత నడుం నొప్పికీ మోకాలి నొప్పికీ సూది ఖర్చును 2007 నుంచి ప్రజా ఆరోగ్య బీమా భరించాలని జర్మనీ నిర్ణయించింది. ఒక షరతు: ఆక్యుపంక్చర్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్లే గుచ్చాలి.