మండి మనదైంది, మర్ఫా ఎవరిది?

ఇయ్యాల తెలంగాణల ఏ టౌన్‌కు పోయినా ఒక మండి హోటల్ ఉంటది. కరీంనగర్‌ల ఉన్నది, సూర్యాపేటల ఉన్నది, కల్వకుర్తి తోవల ఉన్నది. ఆంధ్ర దిక్కు విజయవాడ పోయినా ఉన్నది. కింద పరుపులు, నడుమ పెద్ద పళ్లెం, సుట్టూ నలుగురు దోస్తులు. బర్త్‌డేలు అండ్లనే, ఎలక్షన్ దావత్‌లు అండ్లనే. బోర్డు మీద మాత్రం ఒక ఒంటె బొమ్మ ఉంటది. ఎనుక ఇసుక దిబ్బలు, పక్కన ఖర్జూరం చెట్టు. పేరుల ‘అరేబియన్’ అని ఉంటది. సూసినోళ్లు ఇదంత దుబాయ్‌కెల్లి విమానమెక్కి వచ్చింది అనుకుంటరు.

అది కొంత నిజమే. గల్ఫ్‌కు పోయొచ్చిన మనోళ్లు ఆ రుచి మరిగి వచ్చిన్రు. కానీ మండికి మన దగ్గర అంతకంటె పాత అడ్రస్ ఒకటున్నది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటె చాంద్రాయణగుట్ట దాటంగనే వస్తది. ఆ బస్తీ పేరు బార్కాస్. నాది ఆమనగల్లు దిక్కు. పట్నం పోవాలంటె మా బస్సు బార్కాస్ నడుమలకెల్లే పోవాలె. గందుకే ఒంటె బోర్డు సూసినప్పుడల్ల నాకు ఒక్కటే అడగబుద్ధి అయితది: బార్కాస్ పేరు ఏడ పోయింది?

బార్కాస్, దాని సోపతి బస్తీలు కలిసి మనకు రెండు ఇచ్చినయి. ఒకటి పళ్లెంల పెట్టుకొని తింటున్నం. ఇంకోటి బారాత్‌ల ఎగురుతున్నం. తిండికి ఎంతో కొంత గుర్తింపు దొరికింది. దరువు కొట్టినోళ్లకు అది గూడ దొరకలే. ఎందుకట్ల అయిందో జర ఇవరంగ చెప్త.

బ్యారక్స్ అనే ఇంగ్లిష్ మాటే జనం నాలుక మీద బార్కాస్ అయింది, హాస్పిటల్ ఆస్పత్రి అయినట్టె. నిజాంల కాలంల అరబ్ సిపాయిలు ఉండే లైన్లు అవి. ఎక్కువ మంది యెమెన్ దేశంల హద్రమౌత్ అనే ఎండు ఇలాఖా నుంచి వచ్చినోళ్లు. ఆడ పంట లేదు, ఈడ కొలువున్నది. పాలమూరోళ్లు బొంబాయి పోయినట్టె అనుకోండ్రి. తేడా ఏందంటె వాళ్లు కత్తి పట్టుకొని వచ్చిన్రు, మనోళ్లు పార పట్టుకొని పోయిన్రు.

వాళ్లల్ల ఒకాయన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. నిజాం దగ్గర జమేదార్ అయిండు. ఈడ సంపాయించిన పైసలతోని ఆయన ఖాందాన్ హద్రమౌత్‌ల ముకల్లా రేవు గెలుచుకొని ఒక రాజ్యమే నిలబెట్టింది. ఆ ఖుఐతీ సుల్తానుల రాజ్యం 1967 దాక నడిచింది. హైదరాబాద్ జీతాలతోని అరబ్ దేశంల ఒక రాజ్యం లేసిందన్న మాట. బడి పుస్తకంల ఇసోంటి ముచ్చట నేనైతె సదువలే.

1948 సెప్టెంబర్‌ల సంస్థానం ఇండియాల కలిసినంక సిపాయి కొలువులు పోయినయి. శానమంది అరబ్బులను ఓడలెక్కించి పంపిన్రు. ఈడి ఆడపిల్లలనే పెండ్లి చేసుకొని, ఈడనే సంసారం పెట్టుకున్నోళ్లు మిగిలిన్రు. ఇయ్యాల బార్కాస్‌ల యాఫై, అమూదీ, బావజీర్ అనే ఇంటిపేర్లు ఇనిపిస్తయి. నోట్లె మాత్రం దక్కనీ ఉర్దూ. తండ్రి దిక్కు సముద్రం అవుతలోళ్లు, తల్లి దిక్కు ఈ మట్టోళ్లే.

ఇగ మండి అంటె ఏంది? అరబ్బీల ‘నదా’ అంటె మంచు. మంచు తడి లెక్క మెత్తగ ఉండే మాంసమని దానికి ఆ పేరొచ్చిందంటరు. మన నోట్లె పడ్డంక తెల్వనోళ్లకు కూరగాయల మండి లెక్క ఇనిపిస్తది. పాత పద్ధతిల భూమిల బట్టీ తవ్వుతరు. అడుగున నిప్పులు, దాని మీద బియ్యం గిన్నె, గిన్నె మీద జాలి, జాలి మీద మాంసం. మూత పెట్టి, సందుల నుంచి ఆవిరి పోకుండ మూసేస్తరు. ఉడుకుతున్న మాంసంల నుంచి కొవ్వు, రసం బొట్లుబొట్లు బియ్యం మీద పడుతది.

బిర్యానీకి, దీనికి అసలు తేడా ఆడనే ఉన్నది. కచ్చి బిర్యానీల మాంసం అడుగున ఉంటది, ఆవిరితోని రుచి కిందికెల్లి మీదికి ఎక్కుతది. మండిల మీదికెల్లి కిందికి దిగుతది. కారం తక్కువ, మసాల తక్కువ. గందుకే పక్కన టమాట, పచ్చిమిర్చి చట్నీ పెడతరు. మనోళ్లకు ఒక గిన్నె సాలది. నాకు గూడ సాలది.

ఒకే పళ్లెంల తినుడు అనేది మన ఊర్లల్ల చిన్న ముచ్చట కాదు. హోటళ్లల్ల ఈ గ్లాసు మీకు, ఆ గ్లాసు మాకు అని రెండు గ్లాసుల లెక్క నడిచిన ఊర్లు మనయి. గసోంటి ఊర్ల పక్కన టౌన్‌ల నాలుగు కులాల పోరగాండ్లు ఒక్క పళ్లెంల చెయ్యి పెట్టి తింటున్నరు. బిల్లు తక్కువ పడుతదనే తింటున్నరేమో. అయినా తింటున్నరు గదా! ఎన్నో మీటింగులు చేసినా కానిది పొట్టేలు మాంసం చేసింది. బార్కాస్ మనకిచ్చిన దాంట్ల నాకు మంచిగ అనిపించేది రుచి కంటె గిదే.

మండి కంటె ముందుగాల గిదే తోవల వచ్చింది హరీస్. గోధుమలు, మాంసం గంటలకు గంటలు ఉడికించి, ముద్ద అయ్యేదాక ఎనుపుడు. దానికి హైదరాబాద్ మసాలాలు, నెయ్యి, పప్పులు కలిస్తె హలీం అయింది. ముకల్లా ఖాందాన్‌కు చెందిన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ తన దావత్‌లల్ల పెట్టి దానికి పేరు తెచ్చిండని చెప్తరు. బార్కాస్‌ల ఇప్పటికీ పొద్దుగాల నాష్టాకు పాత తరీఖా హరీస్ దొరుకుతది. ఒకటి ఉప్పగ, ఒకటి తియ్యగ. మాంసంల చక్కెర ఏందని మొకం తిప్పుకోకుండ్రి. ఒక్కపారి తిని సూడుండ్రి.

2010ల హైదరాబాద్ హలీంకు జీఐ గుర్తింపు వచ్చింది. దేశంల మాంసం వంటకు ఆ గుర్తింపు వచ్చుడు అదే మొదలు. కొలతలు రాసిపెట్టిన్రు: పది పాళ్ల మేక మాంసానికి నాలుగు పాళ్ల గోధుమలు, రాగి డేగ్చ, కట్టెల పొయ్యి, 12 గంటల వంట. అంటె తిండికి ఒక కాయితం ఉన్నది. తయారు చేసేటోళ్లకు ఒక సంఘం ఉన్నది. ఎవడన్న దొంగ సరుకు అమ్మితె అడిగే హక్కున్నది. ఈ మూడు గుర్తు పెట్టుకోండ్రి, మళ్ల పని పడుతది.

రెండోదాని ముచ్చట చెప్పాలంటె మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌కు పోవాలె. ఏసీ అంటె చల్లటి మిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల గుర్రపు దళం ఉన్న జాగ అది. దీనికి మన పాలమూరుతోని గూడ లంకె ఉన్నది. వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు దగ్గర ఒక ఆఫ్రికా అంగరక్షక దళం ఉండె. ఆయన పోయినంక అది నిజాం ఫౌజ్‌ల కలిసింది. గుర్రాలు పోయినయి, దళం పోయింది, బస్తీకి పేరు మిగిలింది. ఆ పేరుతోని పాటు మిగిలింది మర్ఫా.

మర్ఫా సిద్దీలు, హద్రమౌత్ అరబ్బులు ఇద్దరి చేతులల్ల పెరిగిన దరువు. మెడకో నడుముకో తగిలించుకునే మర్ఫా, దానికి తోడు ఢోలు, దఫ్, ఇనుప కుండ. చేతిల సన్న పుల్లలు, చెక్క తాపీలు. పాట ఉండది. గొంతుతోని పని లేదు, అంత చెయ్యే. ఒకలు దరువు మొదలువెడితె ఇంకొకలు అండ్ల సందు దొరకవట్టి వాయిస్తరు. వేగం కొద్దికొద్దిగ పెరుగుతది. ముందుగాల మొగోళ్లు కట్టెలు, కత్తులు తిప్పుకుంట ఎగురుతరు. ఫౌజ్‌ల పుట్టిన దరువు గదా, ఆ వాసన పోలే.

దాంట్ల మనకు ఎరుకున్న దరువు తీన్‌మార్. తీన్ అంటె మూడు, మార్ అంటె కొట్టుడు. తీన్‌మార్ ఎయ్యని పెండ్లి సూసిన్రా? గణేశ్ నిమజ్జనం? ఎమ్మెల్యే గెలిచిన ర్యాలీ? టీవీ వార్తల ప్రోగ్రాంకు గూడ అదే పేరు. ఏ కులమైనా, ఏ మతమైనా కాలు కదిపేది దాని మీదనే. కానీ తీన్‌మార్ అంటె మొకం ఎలిగే మా ఊరి పోరలను మర్ఫా అంటె ఏందిరా అని అడిగితె ఒక్కడు చెప్పలే.

ఏసీ గార్డ్స్‌ల మర్ఫా కొట్టే ఒక పెద్దాయనతోని మాట్లాడిన. చాచా అని పిలిస్తె, బేటా కూసో అని పక్కన జాగ ఇచ్చిండు. ఆయన చెప్పిన లెక్క సీదా ఉన్నది. మొహర్రంల పెండ్లిళ్లుండవు, రంజాన్‌ల ఉండవు. మూఢాలల్ల హిందువుల పెండ్లిళ్లుండవు. అన్ని తీసేస్తె మిగిలినయే పని దినాలు. ఆ దినాలల్ల ఇప్పుడు డీజే డబ్బా వచ్చి కూసున్నది. మేళమంటె పది మందికి కూలి, తిండి, బండి కిరాయి. డబ్బాకు ఒక డ్రైవర్, ఒక బటన్ ఒత్తెటోడు సాలు. కొడుకు ఆటో నడుపుతుండట. మనుమనికి చెయ్యి తిరుగుతది గానీ తానే నేర్పుతలేడట.

ఇండ్ల నాకు మండిపోయే సంగతి ఇంకోటున్నది. డీజే డబ్బాల మోగేది గూడ ఆ దరువే. ఎప్పుడో ఎవరో కొడితె రికార్డు చేసింది, దానికి ఇంకింత బాస్ కలిపి వాయిస్తున్నరు. కొట్టినోని పేరు లేదు, పైస లేదు. 2024 అక్టోబర్‌ల హైదరాబాద్ పోలీసులు మతాల ఊరేగింపులల్ల డీజేలు బంద్ పెట్టిన్రు. మంచిగనే చేసిన్రు, ముసలోళ్ల గుండెలు అదిరిపోతున్నయి. కానీ చప్పుడు తగ్గాలన్న ముచ్చటే నడిచింది. ఆ జాగల మల్ల ఎవరికి పని దొరకాలన్న ముచ్చట నాకు ఇనిపించలే.

తిండికి ఒక తీరు, దరువుకు ఒక తీరు ఎందుకైంది? ఒక కారణం వ్యాపారమే. పళ్లెం దినాం అమ్ముడుపోతది, మేళం సీజన్ల పోతది. కానీ అదొక్కటే అయితె డప్పు గూడ ఈ పాటికి పోవాలె. డప్పుకు మర్యాద ఊకెనె రాలే. దండోరా ఉద్యమం దాన్ని భుజానేసుకున్నది. ధూంధాం సభలు దాన్ని స్టేజీ నడుమకు తెచ్చినయి. చావు కాడ కొట్టేది అని ఎడంగ పెట్టినదాన్ని, ఇది మాది అని కొట్టినోళ్లే నిలబెట్టిన్రు. మర్ఫాకు అసోంటి ఉద్యమం రాలే. సిద్దీలు పిడికెడు మంది. తెలంగాణ కళలంటె పేరిణి, ఒగ్గు, గుస్సాడీ అని మనం వేళ్లు మడుస్తం. మర్ఫా కాడికి వచ్చేసరికి వేళ్లు అయిపోతయి. అది ముస్లింలది, బయటి నుంచి వచ్చింది అనే మాట ఎవరూ పైకి అనరు. లోపల ఉంటది. మరి హలీం ఏడికెల్లి వచ్చింది?

మన యాసకు ఇదే జరిగింది. సినిమాల రౌడీకో, నవ్వించేటోనికో మన మాట పెట్టిన్రు. మాట వాడుకున్నరు, మనుషులను మాత్రం పక్కకు పెట్టిన్రు. దాని మీద మనం కొట్లాడినం. కొట్లాడినోళ్లకు మర్ఫా బాధ అర్థం కాకుంటె ఇంకెవరికి అయితది?

హలీంకు ఉన్న మూడు మర్ఫాకు గూడ కావాలె: కాయితం, సంఘం, అడిగే హక్కు. వరంగల్‌ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. దరువులు ఎన్ని రకాలు, దేని పేరు ఏంది, ఏ సందర్భానికి ఏది కొడతరు, ఇవన్ని ముసలోళ్లు ఉన్నప్పుడే రికార్డు చెయ్యాలె. కొట్టినోళ్ల పేర్లు పెట్టి మరీ చెయ్యాలె. సర్కార్ దావత్‌కు విదేశాలోళ్లు వస్తె హలీం, బిర్యానీ పెడుతున్నరు గదా, ఆడ మర్ఫా గూడ కొట్టియ్యాలె. కూలి ఇచ్చి.

సూడబోయేటోళ్లకు ఒక మాట. పాతబస్తీ పేరు వార్తలల్ల వస్తె కొట్లాటల గురించో, షేకుల పెండ్లిళ్ల గురించో వస్తది. అవి రాయొద్దని కాదు. అవే రాస్తెనే కష్టం. బార్కాస్‌కు పోతె పొద్దుగాల పోండ్రి, హరీస్ అప్పుడే దొరుకుతది. చలికాలమైతె ఈడి జామకాయలు కొనకుండ రావొద్దు, వాటికి పెద్ద పేరు. బజార్ల లుంగీలు, అత్తర్లు, గల్ఫ్ కంబళ్లు ఉంటయి. లుంగీ ఈడ ఇంట్లె కట్టుకునేది కాదు, పెండ్లికి గూడ కట్టుకుపోయేది. జూకు పోయినట్టు కెమెరా పట్టుకొని మొకాల మీద పెట్టకుండ్రి. సలాం చెప్పి కూసుంటె వాళ్లే ముచ్చట పెడతరు.

ఇంట్లె పెండ్లి ఉన్నోళ్లు డబ్బాల కిరాయి మాట్లాడే ముందుగాల ఒకపారి ఏసీ గార్డ్స్ దాక పోయి రాండ్రి. మేళంల ఎంతమంది వస్తరు, ఎంతసేపు కొడతరు, ఎంత తీసుకుంటరు అని అడుగుండ్రి. బేరం ఎక్కువ ఆడకుండ్రి. కొట్టుడు అయినంక అందరితోని పాటు వాళ్లకు గూడ అదే పంక్తిల విస్తరి ఎయ్యుండ్రి.