నీటి ట్రాక్టరు ఆయిలు గొట్టము: సకాలములో మరమ్మతు

అనంతపురము పీఠభూమిలో సంవత్సరమునకు కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లా రెండుగా విడివడి, పుట్టపర్తి కేంద్రముగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. అయినను వేసవి వచ్చుసరికి కొన్ని గ్రామములలో బోరుబావులు అడుగంటుట మారలేదు. అట్టి గ్రామమునకు నీరు తెచ్చునది ట్రాక్టరు, దాని వెనుక ట్యాంకరు. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో త్రాగునీటిని చేర్చినది. కనుక ట్రాక్టరు నిలిచిపోయిన నాడు గ్రామస్థులు ముందుగా అడుగునది పంచాయతి సభ్యులనే.

అది నిలిచిపోవుటకు పెద్ద కారణము అక్కరలేదు. వ్రేలి లావు గల ఒక ఆయిలు గొట్టము చిల్లుపడిన చాలును. ఆ గొట్టమును గురించి, దాని మరమ్మతును గురించి ఇచ్చట వివరించుచున్నాము.

గొట్టము చేయు పని

గేరుబాక్సులోని ఆయిలు పళ్లచక్రములు అరిగిపోకుండ కాపాడును. పని హెచ్చిన కొలది అది వేడెక్కును. వేడి మితిమీరినచో ఆయిలు పలుచనై త్వరగా చెడిపోవును. 4,000 లీటర్ల నీరనగా 4 టన్నుల బరువు. ట్యాంకరు బరువు అదనము. మే మాసపు ఎండలో, గతుకుల బాటపై, ఇంత బరువు లాగు బండిలో ఆయిలు చల్లబడుట ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. అందుచేత కొన్ని ట్రాక్టర్లలో ఒక గొట్టము ఈ ఆయిలును ముందువైపున, రేడియేటరు చెంతనున్న కూలరునకు చేర్చును. అచ్చట చల్లబడిన ఆయిలు రెండవ గొట్టము ద్వారా తిరిగి వచ్చును. ఆటోమేటిక్ గేర్లు గల పాత కార్లలోను ఇట్టి ఏర్పాటే కలదు. వానిలో ఇంజను బలమును చక్రములకు అందించుటలో ఆయిలు కూడ పాలుపంచుకొనును గనుక, అది బాగుగా తగ్గినచో కారు కదలనే కదలదు. చేతిగేర్ల అంబాసిడరు కార్లపై పని నేర్చిన మెకానిక్కులకు ఈ గొట్టము క్రొత్త కావచ్చును.

లోపమును కనుగొను విధము

పట్టీ వదులై గొట్టము చట్రమునకు రాచుకొనుట, రాళ్లు తగులుట, రబ్బరు భాగము వేడికి బీటలు వారుట, ఇవి సాధారణ కారణములు. బండి క్రింద తడి కనిపించినచో ముందుగా దుమ్మును, జిడ్డును తుడిచివేసి, ఇంజనును కొంతసేపు నడిపి చూడవలెను. ఆయిలు క్రిందికి జారును గనుక, తడిసిన చోట్లలో అన్నిటికంటె పైనున్నదే సాధారణముగా మూలము.

చేతితో తడిమి చూడరాదు. లిఫ్టునకు పోవు గొట్టములలో ఒత్తిడి మిక్కిలి హెచ్చు. సూదిమొనంత రంధ్రము నుండి చిమ్ము ఆయిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. అట్టముక్కను అడ్డుపెట్టి చూచుట క్షేమము. ఆయిలు మజ్జిగవలె తెల్లబడి ఉన్నచో అందులో నీరు కలిసినదని గ్రహించి, బండి నడుపుట మాని, కూలరును కూడ పరీక్ష చేయింపవలెను.

మరమ్మతు

బండిని చదునైన చోట నిలిపి, లిఫ్టును దించి, ఇంజను ఆపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ఆయిలు చల్లారిన పిమ్మట పని మొదలిడవలెను. క్రింద ఒక పళ్లెము ఉంచవలెను.

అదే కొలత గల క్రొత్త గొట్టమును వేయుట ఉత్తమము. పాత బండికి అది దొరకనప్పుడు, చెడిన భాగమును కోసివేసి, అంతే లావు గల ఉక్కు గొట్టపు ముక్కను చేర్పవచ్చును. రంపముతో కోసినచో రజను లోపల పడును. గొట్టములు కోయు కట్టరునే వాడవలెను. అంచులను నునుపు చేసి, కొసలను ఫ్లేరింగు పనిముట్టుతో గంటమూతివలె విప్పి, యూనియన్‌తో బిగింపవలెను. బిగించునప్పుడు ఒక స్పానరుతో పట్టి, రెండవదానితో త్రిప్పవలెను. లేనిచో గొట్టము మెలిపడును.

రబ్బరు హోసు వేయవలసి వచ్చినచో ఆ ఆయిలునకు, ఆ వేడికి, ఆ ఒత్తిడికి తగినదే కావలెను. రేడియేటరు నీటికి వాడు హోసు ఆయిలు తగిలి ఉబ్బి మెత్తబడును. రాగి గొట్టము అదురునకు పగులును. సైకిలు ట్యూబు చుట్టుట, లప్పము పూయుట నిలువవు. ఆయిలు మిగిలిన గొట్టమునకు గ్యాసు వెల్డింగు చేయుట అగ్నిప్రమాదమునకు దారితీయును.

పిమ్మట గొట్టమును పట్టీలతో కదలకుండ బిగించి, బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన రకపు ఆయిలునే గుర్తు వరకు పోసి, ఇంజను నడిపి కీళ్లను పరీక్షింపవలెను. ట్యాంకరు ఒక ట్రిప్పు తిరిగివచ్చిన తరువాత మరల చూడవలెను. పాత ఆయిలును బావి చెంతనో వంకలోనో పారబోసినచో త్రాగునీరే చెడును. దానిని మూతగల డబ్బాలో ఉంచి, అనుమతి పొందిన సేకరణదారులకు అప్పగింపవలెను.

పంచాయతి చేయదగినది

మాఘమాసములోనే, ఎండలు ముదరక మునుపే, ట్రాక్టరును పరీక్ష చేయించుట మేలు. బాడుగ ట్రాక్టరైనచో ఒప్పందమునకు ముందే యజమానిని అడుగవలెను. ఒక గొట్టమును, రెండు యూనియన్లను, పోయవలసిన ఆయిలును నిలువ ఉంచవలెను. ప్రతి మరమ్మతును తేదీతో పుస్తకములో వ్రాయింపవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంతీయ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్ల వాడుకలోను, సంరక్షణలోను శిక్షణ ఇచ్చుచున్నది. గ్రామ యువకులలో ఒకరిని అచ్చటికి పంపుట పంచాయతికి ఉపకరించును.

గొట్టము మార్చుట ఒక పూట పని. ఆయిలు లేక గేరుబాక్సు చెడినచో అది రోజుల తరబడి పని. ఆ రోజులలో పొరుగూరికి బిందెలతో నడువవలసినవారు మన ఇండ్లలోని స్త్రీలే యని సభ్యులు గమనింతురు గాక.