కొయ్యలో విఱిగిన ముఖము

ముఖమును ముక్కలుచేసి చూపుట ముఖమును అవమానించుటయే యని తలంచు పెద్దమనుష్యులు నేటికిని పలువురు గలరు. క్యూబిజమను పేరు వినినంతనే పెదవి విఱుచు అట్టివారు, కార్ల్ ష్మిట్ రాట్లుఫ్ అను జర్మను చిత్రకారుడు 1918లో కొయ్యపై చెక్కిన క్రీస్తు ముఖము నొకపరి చూడవలెనని మా మనవి.

1907-08 ప్రాంతమున పారిసు నగరమున పికాసో, బ్రాకులు వస్తువును సానబట్టిన రాతివలె పలు తలములుగ విడదీసి చిత్రింప నారంభించిరి. పికాసోకు ఆఫ్రికా వారి దారుశిల్పము మార్గము చూపెను. పాశ్చాత్యులు తాము ఏలుచుండిన జాతులవద్దనే ఈ పాఠము నేర్చుకొనిరన్న సంగతి మఱువదగినది కాదు.

ఆ పద్ధతి కొయ్యయందు మిక్కిలి సహజముగ నిమిడెను. ఏలయన, మన బందరు అద్దకపు అచ్చునందువలెనే, చెక్కక విడిచిన భాగము రంగు పట్టును. చెక్కినచోటు తెల్లగ మిగులును. నలుపు తెలుపుల నడుమ ఛాయ దింపుట కష్టము. కావున చెంప గుండ్రదనమును ఉలి కోణముగ నఱికివేయును. క్యూబిస్టుల తలములను చిత్రకారుడు తెచ్చుకొనెనన్నను, కొయ్యయే తెప్పించెనన్నను తప్పులేదు.

1905లో డ్రెస్డెనులో వెలసిన 'బ్రూకె', అనగా వారధి, అను సంఘమును స్థాపించినవారిలో ఇతడొకడు. 1915లో సైన్యమున జేరి 1918 వఱకు తూర్పు రణరంగమున గడపెను. పైజెప్పిన ముఖము తొమ్మిది చిత్రముల సంపుటిలోనిది. అందు కన్నులు రెండును ఒక్కతీరున లేవు. ముక్కు దూలమువలె నిడుపుగ నిలిచినది. మనము బొట్టు పెట్టుచోట '1918' అను అంకెలు! అచ్చున తిన్నగ రావలెనన్న అంకెలను చెక్కపై కుడియెడమలు తారుమారుగ చెక్కవలెను గదా. ఏమఱుపాటున పడిన గాటు గాదది. క్రింద, క్రీస్తు మీకు కానరాలేదా యని ప్రశ్న. లక్షలకొలది యువకులు కూలిన యుద్ధపు కడపటి యేటిని దేవుని నొసటనే ముద్రించెను. పారిసువారు రూపపరీక్షకై విఱిచిన ముఖమును ఇతడు దుఃఖము చెప్పుటకై విఱిచెను. మాకు రెండవదియే గొప్పగ తోచుచున్నది.

ఇట్టి చిత్రములు ఊరకుండునవి గావని నాజీ ప్రభువులు బాగుగనే గ్రహించిరి. 1937లో జర్మను చిత్రశాలలనుండి ఇతని కృతులను ఆఱువందలకు పైగా లాగికొని, కొన్నింటిని మ్యూనిక్ నగరమున 'భ్రష్టకళ' యని ప్రదర్శించి ఎగతాళి చేసిరి. 1941లో చిత్రలేఖనమునే నిషేధించిరి. కొయ్యమీది నాలుగు గాట్లకు అంత రాజ్యము అదరిపడవలెనా?

1967లో బెర్లిను నగరమున బ్రూకె చిత్రకారుల కృతులకు ఇతని చొరవచేతనే ప్రత్యేకశాల వెలసెను. అప్పటి కాతనికి 82 ఏండ్లు.