సర్కారుకూ వర్తించిన 1/70.. జస్టిస్ కె.రామస్వామి తీర్పు రావికమతం గిరిజనులకు ఎందుకు అందలేదు?

ఏజెన్సీలో మైనింగ్ మాట వస్తే గిరిజన సంఘాలు ముందుగా ఎత్తేది 'సమత' తీర్పునే. ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి జస్టిస్ కె.రామస్వామి. 1982లో ఏపీ హైకోర్టు జడ్జి అయ్యారు. 1989లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాష్ట్రపతి పాలనపై బొమ్మై కేసు విన్న తొమ్మిది మంది జడ్జిల్లో ఆయనా ఒకరు.

అసలు కేసేంటంటే.. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం గనుల లీజులిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంలో 1997 జులై 11న 2-1 మెజారిటీతో గెలిచింది. రామస్వామి రిటైర్మెంట్‌కు ముందు వచ్చిన తీర్పిది.

1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదలాయించకూడదు. మరి ప్రభుత్వ భూమో? చట్టంలోని 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వమూ వస్తుందని తీర్పు తేల్చింది. అంటే సర్కారు కూడా ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వకూడదు. ప్రభుత్వ ఖనిజ సంస్థ, గిరిజన సహకార సంఘాలు తవ్వుకోవచ్చు. అంతే!

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఈ రక్షణ షెడ్యూల్డ్ ప్రాంతానికి మాత్రమే. రావికమతం మండలంలో కొండల కింద గిరిజన గూడేలున్నా, మండలం షెడ్యూల్‌లో లేదు. కొండకు అటు ఉన్న చట్టం ఇటు లేదన్నమాట. అందుకే తమ ఊళ్లను ఐదో షెడ్యూల్‌లో చేర్చాలని నాన్ షెడ్యూల్డ్ గిరిజనులు అడుగుతున్నారు.