మీ ఫోను మీ మాట వింటున్నదా?

గోదావరిఖనిలో భూగర్భ గనిలో పనిచేసే ఒకాయన ఈ మధ్య ఓ.పి.కి వచ్చాడు. వయసు నలభై ఆరు. తలనొప్పి, గుండెదడ, నిద్ర పట్టకపోవడం. ఇ.సి.జి. బాగానే ఉంది. రక్తపుపోటు మాత్రం 160/100. చేతికి పట్టీ కట్టి చూస్తుండగానే జేబులో ఫోను మూడుసార్లు మోగింది. మోగినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఎవరయ్యా అన్నిసార్లు?" అన్నాను.

"ఎవరూ కాదు సార్. నేనేం పెట్టలే. దానంతట అదే వస్తది."

ఫోను తీసుకుని చూశాను. లాటరీ తగిలిందట! ఫోను వేడెక్కిందట, వెంటనే శుభ్రం చేయాలట! అప్పు సిద్ధంగా ఉందట! రాత్రి షిఫ్టు దిగివచ్చి, ఉదయం తొమ్మిదింటికి కన్నుమూసే మనిషి ఆయన. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు గనుక అక్కడ దాని పోరు లేదు. ఇంటికొచ్చి పడుకున్నాకే మొదలు.

నవ్వకండి. మీ ఇంట్లో జరగడం లేదూ? మొన్న గది బయట రోగులు బారులు తీరి ఉండగా, నా బల్లమీది కంప్యూటరు "అప్‌డేట్ అవుతున్నది, ఆపవద్దు" అంటూ నలభై నిముషాలు మొండికేసింది. పళ్ళు కొరుక్కోవడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది.

ఒంట్లో ఏమవుతుంది?

హఠాత్తుగా చప్పుడు వినపడితే మూత్రపిండాల పైనుండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం, రక్తపుపోటు పెరుగుతాయి. పాము ఎదురైనప్పుడు ఇది మేలే, పరుగెత్తి బతుకుతాం. పరుగెత్తే పనేమీ లేకుండా రోజూ పదేపదే ఇదే జరిగితే మిగిలేది చిరాకు, తలనొప్పి, నిద్రలేమి.

చప్పుడుకన్నా చెరుపు చేసేది మరొకటుంది. అమెరికాలో గ్లాస్, సింగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరికి పెద్ద రొద వినిపించారు. వారిలో సగంమందికి ఒక మీట చూపి, "దీన్ని నొక్కితే రొద ఆగుతుంది, సాధ్యమైనంతవరకు నొక్కకండి" అన్నారు. చాలామంది నొక్కనేలేదు. అయినా తరువాత ఇచ్చిన పనిలో వారే ఓపికగా నిలిచారు, తప్పులు తక్కువ చేశారు. ఈ సంగతులను వారు 1972లో పుస్తకంగా వెలువరించారు. లండనులో 1985లో మొదలై, పదివేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులను పరిశీలించిన అధ్యయనంలోనూ, తమ పనిమీద తమకు అదుపు లేనివారిలో గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. మన వస్తువు మన మాట వినకపోవడం చిన్న బాధ కాదన్నమాట.

అలాగని రక్తపుపోటు అంతా ఫోను వల్లనే అనుకుని మాత్రలు మానేయకండి. ఉప్పు, పొగాకు, ఊబకాయం, వంశపారంపర్యం వీటి పాత్ర వీటికి ఉంది. ఆయనకూ మందు రాసే పంపాను.

ప్రాణాల మీదికి వచ్చినప్పుడు

ఈ చొరబాటు ఎంత దూరం పోగలదో 2020లో మన రాష్ట్రం చూసింది. చిన్న అప్పులిచ్చే కొన్ని యాప్‌లు ఫోనులోని పేర్లు, నంబర్లు, ఫొటోలు లాగేసుకున్నాయి. వాయిదా తప్పితే బంధువులకు, స్నేహితులకు సందేశాలు పంపి పరువు తీశాయి. ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుల యాప్‌లు ఫోనులోని నంబర్లు, ఫొటోలు, కాల్ వివరాలు తీసుకోరాదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. అయినా మోసగాళ్ళు నిబంధనలు చదివి రారు కదా!

మీరు చేయవలసినవి

1. ఫోను సెట్టింగ్స్‌లో "యాప్స్" తెరవండి. మీకు తెలియనివీ, వాడనివీ తీసేయండి. మిగిలినవాటిలో ఇంటివాళ్ళ కాల్స్, బ్యాంకు సందేశాలు వంటివి తప్ప తక్కిన నోటిఫికేషన్లు ఆపండి.

2. "పర్మిషన్స్" చూడండి. టార్చిలైటు యాప్‌కు మీ చుట్టాల నంబర్లతో పనేమిటి? తీసేయండి.

3. పడుకునేటప్పుడు "డు నాట్ డిస్టర్బ్" పెట్టి, ఇంటివాళ్ళ నంబర్లకు మాత్రమే అనుమతి ఇవ్వండి. నైట్ షిఫ్టువారికి ఇది పగటిపూట మరీ అవసరం.

4. కంప్యూటరులో "యాక్టివ్ అవర్స్" అనేచోట మీ పనివేళలు పెడితే ఆ సమయంలో అప్‌డేట్ కోసం దానంతట అది ఆగి మొదలుకాదు. అప్‌డేట్లు పూర్తిగా మానకండి. అవి టీకాల వంటివి. మీకు వీలైన వేళ వేయించుకోండి.

5. పెళ్ళిపత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో వచ్చే "ఏపీకే" ఫైళ్ళు తెరవకండి. తెరిచి ఒప్పుకుంటే మీకొచ్చే ఓటీపీలు దొంగ చేతిలో పడవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

6. అప్పువాళ్ళ బెదిరింపులతో బతుకు మీద విరక్తి కలిగితే ఒంటరిగా ఉండకండి. ఇంట్లో చెప్పండి. 14416 టెలీమానస్ నంబరుకు రాత్రీపగలూ ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే. ఇంట్లో ఎవరైనా ఫోను మోగితే వణుకుతున్నా, చాటుకు పోయి మాట్లాడుతున్నా తిట్టకండి. పక్కన కూర్చుని అడగండి.

నెల తరువాత ఆయన మళ్ళీ వచ్చాడు. రక్తపుపోటు 136/86. మాత్రలు సక్రమంగా వేసుకుంటున్నాడు. ఆ రోజు ఫోనులోంచి తీసేసిన యాప్‌లు పదకొండు. వాటిలో ఒకటి అప్పుల యాప్. పెట్టింది కొడుకు, నాలుగు వేల కోసం, భయపడి చెప్పలేదట.

"కొట్టావా?" అన్నాను.

"లేదు సార్. తోలుకొచ్చిన. బయట కూసున్నడు. ఓసారి మీరు మాట్లాడాలె."

పిలిచి కూర్చోబెట్టాను.