పోపులపెట్టెలోని పొదుపు

ఇంటిని చూచి ఇల్లాలిని చూడవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఇంటికి ఎంత సొమ్ము వచ్చునో ఉద్యోగము నిర్ణయించును. అందు ఎంత నిలుచునో ఇంటి అలవాటులు నిర్ణయించును. బడిపంతులుగారి ఇంట, నెలకొకమారు వచ్చెడి జీతముతో సంసారము నడుపుచున్న మేము ఈ విషయమును దినదినమును చూచుచున్నాము. కావున మితవ్యయమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మితవ్యయమనగానే మనలో పెక్కండ్రు మొట్టమొదట తమ నోరు కట్టుకొందురు. భర్తకును బిడ్డలకును పాలును కూరయు వడ్డించి, తాము పచ్చడిమెతుకులతో సరిపెట్టుకొందురు. ఒంట నలత కలిగినను మందు కొనక దినములు గడపుదురు. ఇట్లు మిగిల్చిన సొమ్ము దేహమునుండి తెచ్చిన అప్పువంటిది. దానిని పిమ్మట వైద్యునికి వడ్డీతో చెల్లింపవలసి వచ్చును. మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నున్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. కావున తగ్గింపవలసినది దుబారాయే గాని ఇల్లాలి భోజనము కాదు.

పొయ్యితో ప్రారంభింతము. ఎసరు మసలుట మొదలైన పిమ్మట మంట ఎంత పెంచినను నీటి వేడి పెరుగదు. ఆవిరి మాత్రమే హెచ్చును. కావున పొంగు రాగానే మంట తగ్గించి, గిన్నెపై మూత నుంచవలెను. కందిపప్పును అరగంట ముందు నానబెట్టినచో త్వరగా ఉడుకును. కూరలు తరిగికొని, పోపుసామాను చేరువ నుంచుకొనిన తరువాతనే పొయ్యి వెలిగింపవలెను. 14.2 కిలోల గ్యాసుబండ 40 దినములు వచ్చెడి ఇంట ఏటికి సుమారు 9 బండలు కావలెను. ఈ అలవాటులచే అది 45 దినములు వచ్చినచో 8 బండలు చాలును.

విద్యుత్తు సంగతియు నిట్టిదే. 1000 వాట్ల సాధనము ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్ ఖర్చగును. ఎవరును లేని గదిలో 75 వాట్ల పంకా దినమునకు 4 గంటలు తిరిగినచో నెలకు 9 యూనిట్లు వృథా యగును. గది విడుచునపుడు మీట కట్టుట బిడ్డలకు చిన్ననాటనే నేర్పవలెను.

ఇక సరుకులు. శివరాత్రి మొదలు ఉగాది వరకు క్రొత్త చింతపండును, ఎండుమిరపకాయలును అంగళ్లకు వచ్చును. ఏటికి సరిపడ అప్పుడే కొని, బాగుగా ఎండబెట్టి జాడీలలో నుంచుకొనిన మేలు. అంగడికి పోవునపుడు చీటి వ్రాసికొని పోవలెను. చీటిలో లేనిదానిని మరునాటి వరకు వాయిదా వేసినచో, అందు సగము అక్కరలేనివని మనకే తెలియును.

అయితే మిగిల్చిన సొమ్మును వెంటనే వేరుచేయనిచో అది మరియొక ఖర్చులో కలిసిపోవును. మన తల్లులు దానిని పోపులపెట్టెలో దాచిరి. కాని 2016 నవంబరు 8వ తేదీన 500, 1000 రూపాయల నోట్లు రద్దయినపుడు అట్టి దాపరికములెన్నియో బయటపడవలసి వచ్చెను. పెట్టెలోని సొమ్మునకు వడ్డీ రాదు. అది ఇల్లాలిదని చెప్పుటకు ఆధారమును లేదు. 1992లో నెల్లూరు జిల్లాలో సారాపై పోరాడిన గ్రామస్త్రీలు పిమ్మట దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టి పొదుపుసంఘములు నడిపిరి. వారి సొమ్ము పుస్తకములో వారి పేరనే యుండెను. వారి బలమంతయు నందే కలదు.

మనమును అట్లే చేయవచ్చును. పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతోనే ఐదేండ్ల రికరింగు డిపాజిటు ప్రారంభింపవచ్చును. దినమునకు 10 రూపాయలు మిగిల్చిన ఇల్లాలికి ఏటికి 3,650 రూపాయలు చేరును. జీతము చేతికి వచ్చిన దినముననే ఆ భాగమును కట్టివేసి, పుస్తకముపై తన పేరే వ్రాయించుకొనవలెను. అప్పుడు బిడ్డ పరీక్షరుసుమునకు గాని, తన మందులకు గాని ఆమె ఎవరియెదుటను చేయి చాపనక్కరలేదు.